విడి స్ట్రీమర్, సున్నుండల డబ్బా

మాది స్మార్ట్ ఇల్లు, పాటలు పెట్టేది కూడా ఇల్లే. మా ఇద్దరికీ షుగర్ వచ్చినప్పటి నుంచి, ఎవరు సున్నుండల డబ్బా తెరిచినా పాట ఆపేసి, లేచి నడవమని బాకా ఊదుతుంది.

నిన్న మా ఆయన నిఖిలేష్ విడిగా ఒక స్ట్రీమర్, అంటే నెట్‌లోంచి పాటలు వినిపించే పెట్టె, తెచ్చారు. స్పీకర్లు దానికి తగిలిస్తే ఇక ఇంటికి గొంతుండదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"దీంట్లో నాదం స్వచ్ఛంగా ఉంటుంది, ప్రణతీ."

"వంటింట్లోంచి పిలిస్తే వినబడని చెవులకి నాదంలో తేడా తెలుస్తోందా?"

"కళ్ళు మూసుకుని నువ్వే విను. నచ్చకపోతే రేపే వాపసు."

మూసుకున్నాను. ముందు ఇల్లు పాడింది. రెండో చరణంలో బాకా మోగింది.

"చూశావా, ఇదే దీంతో గొడవ," అన్నారు, నోట్లో ఏదో ఉన్నట్టు.

తర్వాత అదే పాట స్ట్రీమర్ పాడింది, చివరిదాకా ఏ అడ్డూ లేకుండా. నాదంలో మాత్రం నాకు పిసరంత తేడా తెలియలేదు.

కళ్ళు తెరిచాను. ఆయన మీసాల మీద సున్నుండ పొడి.

"ఏమంటావ్?" అన్నారు అమాయకంగా.

"అవసరమేనండీ. ఉంచుదాం."

సాయంత్రమే డబ్బాను నా పట్టుచీరల వెనక్కి మార్చాను. ఇవాళ ఆయన ఆఫీసుకు వెళ్ళాక, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చాలా రోజులకి ఒక పాట పూర్తిగా విన్నాను.