ఆ తీరం మనిషి

“వెనక్కి రండి. నీళ్లు తిరిగాయి.”

గోనెసంచీ భుజాన వేసుకున్న ముసలాయన కేక అది.

రామిరో ఆగి చూశాడు. సముద్రం ఎక్కడో దూరంగా, తడి ఇసుకకు అవతల బద్ధకంగా కదులుతోంది.

అతను, భార్య ఎల్వీరా, ఎనిమిదేళ్ల ఇర్మా తెల్లవారకముందే తమ ఊరు రియో గాయెగోస్‌లో బయల్దేరి వచ్చారు. పెంగ్విన్లను చూడటం అయింది. ఇక మిగిలింది నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము అవతలుండే సముద్ర సింహాలు. నీళ్లు వెనక్కి తీసినప్పుడే అక్కడికి దారి.

“అయిదింటి దాకా వెళ్లొచ్చని బోర్డు మీద ఉంది, తాతా.”

“బోర్డుకి గాలి సంగతి తెలీదు. ఇవాళ తూర్పుగాలి. పోటు ముందే వచ్చేస్తుంది.”

“నీ చెత్త నువ్వు ఏరుకో. మా సంగతి మేం చూసుకుంటాం.”

ముసలాయన వంగి ఒక ప్లాస్టిక్ సీసా తీసి సంచీలో వేసుకుని, కాస్త ఎడంగా వాళ్ల వెనకే నడిచాడు.

“ఇంకా వస్తున్నాడు,” అంది ఎల్వీరా.

“సిగరెట్టు కోసమేమో. పట్టించుకోకు.”

కొమ్ము అవతల సముద్ర సింహాలు ఒకదాని మీద ఒకటి పడి అరుచుకుంటున్నాయి. ఇర్మా వాటి పిల్లల్ని లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర తప్పి, మళ్లీ మొదలుపెట్టింది.

ముగ్గురూ వెనక్కి తిరిగేసరికి వచ్చిన దారి లేదు.

ఇసుక ఉన్న చోట నురగ. చూస్తుండగానే మోకాళ్లు మునిగాయి.

ముసలాయన నడుం లోతు నీళ్లలో అడ్డంపడి వస్తున్నాడు. సంచీ ఎక్కడ పడేశాడో, లేదు.

“పిల్లని ఇటివ్వు.”

రామిరో ఎత్తి ఇచ్చాడు. ఆయన ఇర్మాని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు.

“అమ్మా, నా కోటు పట్టుకో. బాబూ, నువ్వు ఆవిడ చెయ్యి వదలకు.”

రెండుసార్లు అల వాళ్లని రాతికేసి కొట్టింది. రెండుసార్లూ ఆయన నిలబడ్డాడు. ఆ తర్వాత కొండలో సన్నటి చీలిక కనిపించింది. పెంగ్విన్లు గూళ్లకి ఎక్కే దారి అది. నాలుగు కాళ్ల మీద పాకారు. దారికడ్డంగా ఉన్న పెంగ్విన్లు కాళ్లు పొడిచాయి, గాడిదల్లా ఓండ్రపెట్టాయి.

“మనల్ని తిడుతున్నాయి,” అంది ఇర్మా, పళ్లు టకటకలాడుతుంటే.

“తిట్టనీ. వాళ్లింటి మెట్లు మరి.”

పైన తన గుడిసెలో ఆయన నీళ్లు కాచి, సొరబుర్ర దొప్పలో మాతే ఆకు టీ కలిపి ముందు ఎల్వీరాకి ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

“తాతా, ఇందాక నేను నిన్ను...” రామిరో మొదలుపెట్టాడు.

“ముందు పిల్లకి బట్టలు మార్చండి. చలి.”

అంతే. సంచీ వెతుక్కుంటానని లేచి వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు వాళ్లు.

ఆ ఏడాదంతా ఇర్మా మెట్ల మీద దబదబా దిగినా, బడి నుంచి అలిగి వచ్చినా రామిరో చేస్తున్న పని ఆపి చూసేవాడు. తొమ్మిదో పుట్టినరోజునాడు అందరి ముందూ ఆ ముసలాయన గురించి చెప్పబోయి, చెప్పలేక పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఎల్వీరా మందపాటి ఉన్ని స్వెట్టర్ అల్లింది. కొలత అక్కర్లేకపోయింది. తను పట్టుకుని బతికిన వీపు ఆమెకి గుర్తుంది.

జనవరిలో మళ్లీ వచ్చారు. గుడిసెకి తాళం.

పార్కు గార్డు ఒఫేలియా స్వెట్టర్ అందుకుని, మడత మీద చెయ్యి వేసింది.

“ఆ తాత, దోన్ ఫౌస్తినో, జూలైలో పోయాడమ్మా. నిద్రలోనే.”

ఎల్వీరా ఇర్మాని దగ్గరికి లాక్కుంది.

“ఈ తీరంలోనే పుట్టిపెరిగాడు కదా,” అన్నాడు రామిరో. “అందుకే సముద్రం ఆయన మాట వినేది.”

“ఈ తీరమా? సముద్రానికి ఎంతో దూరాన కోర్దోబాలో కళ్లద్దాల కొట్టు ఉండేది ఆయనకి. అప్పటికి సముద్రమే చూసి ఎరగడు.”

ఒఫేలియా కిందనున్న ఇసుకకేసి చూసింది.

“ఇరవై రెండేళ్ల కింద, మీలాగే, భార్యనీ కూతుర్నీ తీసుకుని ఒక్క పూట పెంగ్విన్లను చూసి పోదామని వచ్చాడు, పోటుకి ఒక్కడే మిగిలాడు, ఇంక ఇంటికి వెళ్లలేదు.”