పోయినవి ఐదు, వచ్చినవి ఆరు

వన్ టౌన్‌లో పెళ్ళి వీడియోల స్టూడియోకి నేను రాత్రి కాపలా. ఆ రాత్రి సర్వర్‌లో వీడియోలు దాచే అరల్లాంటి స్టోరేజ్ వాల్యూమ్‌లు ఐదు మాయమయ్యాయి. తెల్లారేలోగా దొరక్కపోతే నూట పన్నెండు పెళ్ళిళ్ళూ గల్లంతే, వాటితోపాటు సర్వర్ చూసే జోయెల్ ఉద్యోగమూ.

"దయ్యం మింగిందేమోనోయ్," అన్నాను.

"వైరు వదులైందండీ తాతగారూ," అంటూ జోయెల్ దాన్ని బిగించి, సర్వర్‌చేత మళ్ళీ వెతికించాడు.

సర్వర్ ఫ్యాన్ల హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తెరమీదికి ఒక్కొక్కటే, ఐదూ వచ్చేశాయి. జోయెల్ నన్నెత్తి గిరగిరా తిప్పాడు. దించేసరికి ఆరోది కూడా వచ్చింది.

అందులో ఒకటే వీడియో. తేదీ వచ్చే ఆదివారం. చర్చి మెట్లమీద జోయెల్ పెళ్ళికొడుకు, పక్కన నవ్వుతూ ఓ పిల్ల.

"ఎవరోయ్?"

"నాకింకా సంబంధమే కుదరలేదండీ," అన్నాడు, కళ్ళు తెరమీంచి తిప్పకుండా.

కింద షట్టరు ఎవరో తట్టారు. "జోయెల్ గారున్నారాండీ?" అంది ఓ ఆడగొంతు.

తాళంచెవి అతని చేతిలోనే పెట్టాను.