అడ్డసరం రసం

పోయినసారి నెల తప్పగానే సంబరంగా ఊరంతా చెప్పుకున్నారు. కొన్నాళ్లకే కడుపు పోయింది. దిష్టి తగిలిందన్నారు. అందుకే ఈసారి ఐదో నెల వచ్చేదాకా అత్తకు కూడా చెప్పొద్దని స్వరూప భర్తతో ఒట్టు వేయించుకుంది.

కడుపును దాచింది గానీ దగ్గును దాచలేకపోయింది.

అత్త నర్సింగమ్మ దడి పక్కనున్న అడ్డసరం ఆకులు తెంపి, పెనం మీద వెచ్చజేసి, రసం పిండి, తేనె కలిపి తెచ్చింది. వాడలో ఎవరికి దగ్గు వచ్చినా ఈ మందు కోసం ఆమె దగ్గరికే వస్తారు.

"గింత చేదు వాసనా అత్తమ్మా!"

"మేకలు గూడ మూతి పెట్టని ఆకు బిడ్డా. నువ్వు మేక కన్న మొండిదానివి, తాగుతవ్ తియ్యి. రాత్రంత నువ్వు దగ్గుతాంటె నాకు నిద్ర పట్టలే."

స్వరూప నవ్వింది. కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. నర్సింగమ్మ కొంగుతో ఆమె మూతి తుడిచి, నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

"పొద్దుగూకినంక మల్ల ఇస్త. గీ మందు ఆడోళ్లకు ఇచ్చే ముందుగాల నెల తప్పినవా అని అడుగుత. కడుపుతోటి ఉన్నోళ్లు తాగితె నిలువదు మరి."

బెల్లం ముక్క స్వరూప నోట్లోనే ఆగిపోయింది.

"నన్నెందుకు అడగలే అత్తమ్మా?"

నర్సింగమ్మ ఆమె తల నిమిరింది.

"నిన్నేం అడుగుడు పిల్లా? గసుంటి ముచ్చట నాకు చెప్పకుంట దాస్తవా నువ్వు?"