అలిగిన నౌక

రిసెప్షన్ నుంచి మళ్లీ ఫోన్ మోగేసరికి కంట్రోల్ రూమ్ ఇన్‌ఛార్జికి ఒళ్లు మండిపోయింది.

“సార్, ఆవిడ వచ్చారు. మీతో ఒక్క మాట చెప్పి వెళ్లిపోతారట.”

“ఏ ఆవిడ?”

“నిన్నా మొన్నా వచ్చినావిడే సార్. నౌక గురించట.”

నౌక గురించి కాక ఇంకెందుకు వస్తారు? ఒక తోకచుక్క వెంట పడి ఇరవై ఆరేళ్లుగా కబుర్లు పంపుతున్న అంతరిక్ష నౌక ఉన్నట్టుండి మూగనోము పట్టింది. పైగా ఎండ తగలకుండా పక్కకు తిరిగి కూర్చుంది. బ్యాటరీ ఇంకో పన్నెండు రోజులకు మించి రాదని లెక్క తేలింది.

ఆ సంగతి పేపర్లో పడిన దగ్గర్నుంచి ప్రతివాడూ శాస్త్రవేత్తే. ఒకాయన ఫోన్ చేసి, ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాడు. ఇంకొకాయన, తన పాత రేడియో మొరాయిస్తే నెత్తిన ఒక్కటిస్తే పలుకుతుందని ఉత్తరం రాశాడు. ఆ ఒక్కటివ్వడానికి ముప్పై కోట్ల కిలోమీటర్లు ఎవరు వెళ్తారో మాత్రం రాయలేదు.

“పంపించు. రెండంటే రెండే నిమిషాలు,” అన్నాడు ఇన్‌ఛార్జి.

లోపలికి వచ్చినావిడకు డెబ్బై పైనే ఉంటాయి. కాళ్లకు కాన్వాస్ బూట్లు, చేతిలో గొడుగు. వస్తూనే ఆయన వైపు కాకుండా గోడ మీది తెరల వైపు చూసింది.

“ఎన్నిసార్లు పిలుస్తున్నారు?”

“గంటకోసారి.”

“అందుకే. ఆపేయండి బాబూ. అది అలిగింది.”

ఇన్‌ఛార్జి కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. సరిగా నిద్రపోయి వారమైంది.

“ఎవరమ్మా అలిగింది? మీ కోడలా?”

“మీ నౌక. అలకంటే మీకు తెలీదా?” ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

“ఎందుకు తెలీదు? వారం నుంచి మా ఆవిడ ఇంట్లో ఆ పనిలోనే ఉంది.”

ఆవిడ నవ్వలేదు.

“పిలిచిన కొద్దీ బిగుసుకుంటుంది. పది రోజులు ఎవరూ పిలవకండి. తనే పలుకుతుంది.”

“పది రోజులా? దాని ప్రాణమే పన్నెండు రోజులు. కొన ఊపిరితో ఉన్నదాన్ని గాలికొదిలేసి చేతులు ముడుచుకు కూర్చోమంటారా?”

“కూర్చోవాలి. అదే కష్టం. బాబూ, నేను ఇదివరకు...”

“మీ ఆదుర్దా అర్థమైందమ్మా. చాలా థాంక్స్. ఇక మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి.”

ఆవిడ తలుపు దాకా వెళ్లి ఆగింది.

“ఇవాళ ఆపితే రెండు రోజులు చేతిలో ఉంటాయి,” అంది.

ఆయన అప్పటికే ఫోనెత్తాడు. ఇక నుంచి అరగంటకోసారి పిలవమని చెప్పాడు.

పన్నెండు రోజులూ పిలిచారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పదమూడో రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక చాలు, పెద్ద యాంటెన్నాను వేరే పనికి ఇచ్చేయండని.

ఇన్‌ఛార్జి బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన చూసుకున్నది ఆ ఒక్క నౌకనే.

చిన్న యాంటెన్నా ఒకటి ఉంది. దాన్ని పక్కకు తిప్పడానికి ఎవరికీ చేతులు రాక నౌక వైపే వదిలేశారు.

పిలవడం మానేసిన పదో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గరుండగా, నౌక పలికింది.

పదకొండు సెకన్లు. రెండో రిసీవర్ తెరిచాను, ఏం చేయమంటారు అని.

గట్టి పిండమే, లెక్కకు మించి పది రోజులు బతికింది. ఇన్‌ఛార్జి పరుగున వచ్చి జవాబు పంపించాడు. అది అక్కడికి చేరడానికి పదిహేడు నిమిషాలు, తిరుగు మాట రావడానికి మరో పదిహేడు. అంతసేపూ తెర ముందు నిలబడే ఉన్నాడు.

ఏమీ రాలేదు. మిగిలిన కాస్త బ్యాటరీ ఆ పదకొండు సెకన్లకే సరిపోయింది.

సాయంత్రం, నౌకను తయారుచేసిన జట్టుకు పెద్దగా ఉండి రిటైరైన పెద్దాయనకు ఫోన్ చేశాడు.

“ఇన్నాళ్లూ పలకంది ఇవాళే ఎందుకు పలికింది సార్?”

“మీరు పిలవడం ఆపారు కాబట్టి. మొదటి రిసీవర్ చెడితే పిలుపు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. పిలుపు విన్న ప్రతిసారీ, ఇంకాస్త చూద్దామని రోజుల లెక్క మొదటికి తెచ్చుకుంటుంది. పది రోజులు చడీచప్పుడు లేకపోతేనే రెండోది తెరుస్తుంది. అలక అని ఉంటుంది, నౌకతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోలేదా?”

“పుస్తకంలో అలాంటిదేం లేదు సార్.”

“ఎందుకుంటుంది? ఆఫీసు కాగితంలో ఇదేం మాటని మీకు ముందొచ్చిన మహానుభావుడెవడో కొట్టేసి ఉంటాడు. పేరుతో పాటు పేజీ కూడా పోయింది.”



“ఒక పెద్దావిడ వచ్చి చెప్పింది సార్. అలిగింది, పిలవకండి అని.”

“ఆవిడే వచ్చిందా?”

“మూడుసార్లు.”

“నువ్వేం చేశావు?”

“పంపించేశాను.”

పెద్దాయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఇన్‌ఛార్జికి అనిపించింది.

“దానికి అలగడం నేర్పింది ఆవిడేనయ్యా,” అన్నాడు పెద్దాయన.