జడ్జిగారి ఓటు

శవపేటిక మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడు.

జడ్జి విట్‌కాంబ్ అక్క క్లారా స్వయంగా ఎమిల్ రోలెఫ్స్ పొలానికి వచ్చింది.

"తమ్ముడి పేటికకు ఆరుగురు కావాలి ఎమిల్. ఐదుగురే దొరికారు."

"పాపం, ఓట్లూ అలాగే తక్కువయ్యాయి ఆయనకి!" ట్రాక్టరు కింద నుంచి పక్క పొలం ఒట్టో నవ్వాడు.

ఎమిల్ నవ్వలేదు.

"నా ఆవుల్ని చంపాడు. నా పెళ్లాన్ని చంపాడు. నేను మొయ్యను."

అమెరికాలోని ఆ అయోవా పల్లెల్లో పొరుగువాడి పేటిక మొయ్యనంటే అంతకు మించిన తిట్టు లేదు. క్లారా తల వంచుకుని వెళ్లిపోయింది.

ఒకప్పుడు విట్‌కాంబ్ అంటే ఎమిల్‌కి ప్రాణం. కుర్ర వకీలుగా ఉన్నప్పుడు, రైలు కింద పడి చచ్చిన ఎమిల్ ఆవు కోసం రైలు కంపెనీనే కోర్టుకీడ్చాడు. ఫీజుకింద బంగాళదుంపల బస్తా పట్టుకుపోయాడు.

నూర్పిళ్లనాడు కోటు విప్పి కంచెకు తగిలించి గడ్డి ఎత్తేవాడు. ఎమిల్ భార్య హిల్డా చేసిన ఆపిల్ కేకు ఇంకో ముక్క అడిగి మరీ తినేవాడు. జడ్జి అయ్యాక కూడా బజార్లో కనబడితే ముందు తనే టోపీ తీసేవాడు.

ఆ రోజులే వేరు.

రైతులే పట్టుబట్టి ఆయన్ని శాసనసభకు పంపారు.

వెళ్లి ఏం చేశాడు? పాడి ఆవులకు క్షయ పరీక్ష చెయ్యాలి, రోగమున్నవాటిని చంపాలి అన్న చట్టానికి చెయ్యెత్తాడు.

నిగనిగలాడే ఆవుకు క్షయేమిటని జిల్లా అంతా మండిపడింది. మళ్లీ నిలబడితే సొంత వీధివాళ్లే ఓడించారు.

ఆ పరీక్షతో ఎమిల్ కొట్టం ఒక్కరోజులో ఖాళీ అయింది. ఆ ఆవుల్ని పేరుపేరునా పిలిచి పాలు పితికిన హిల్డా మంచం పట్టింది. ఆ చలికాలం దాటలేదు.

జడ్జి పేటికకు చివరికి దాన్ని చేసిన వడ్రంగే ఆరో చెయ్యి వేశాడు.

మే నెలాఖరులో, సమాధులకు పూలు పెట్టే రోజున, ఎమిల్ పెరటి పియోనీ పూలు పట్టుకుని హిల్డా దగ్గరికి వెళ్లాడు. పక్క వరసలో క్లారా ఉంది. జడ్జి పక్కన ఆయన కూతురు లోయిస్ చిన్న సమాధి రాయి. తల్లి లేని పిల్ల. ఆయన సభకు వెళ్లకముందే పోయింది.

"ఆ పిల్ల ఏ జబ్బుతో పోయిందో తెలుసా ఎమిల్?"

"వెన్నెముకకు ఏదో వచ్చిందన్నారు."

"క్షయ. రోగమున్న ఆవు పాల వల్లే వచ్చిందన్నాడు డాక్టరు."

ఎమిల్ చేతులు ఆగిపోయాయి.

జడ్జిగారింట్లో పాలు తనవే. నీరసంగా ఉన్న పిల్లకు పొదుగు వేడి ఆరని పాలే బలమని, రోజూ పొద్దున్నే హిల్డా తన చేత్తో తీసుకెళ్లి తాగించి వచ్చేది.

"ఆ మాట చెప్పుంటే... ఒక్కడు నోరెత్తేవాడా? ఎందుకు చెప్పలేదు?"

"తెలిస్తే హిల్డా బతకదన్నాడు."

"ఆమె పోయాకైనా నాకు చెప్పొచ్చుగా క్లారా!"

"నేనూ అదే అన్నాను. 'వాడికి తిట్టుకోడానికి ఎవరో ఒకరుండాలి కదక్కా, నేనుంటాలే' అన్నాడు."