వన్స్‌మోర్ గోడలు

ఊళ్లో ఇళ్ల గోడలన్నీ మాట్లాడుతున్నాయని, నూనె వ్యాపారి గ్రంధి పాండురంగం తాను బాగుచేయించిన పాత నాటకశాల గోడలకూ మాట పెట్టించాడు. వాటికి పాతకాలం ప్రేక్షకుల అలవాట్లు నేర్పమనడమే కొంప ముంచింది.

తొలి ఆటలో కృష్ణుడి పద్యం ముగియగానే గోడలు "వన్స్‌మోర్!" అని అరిచాయి. వేషగాడు శేషాచలం మళ్లీ పాడాడు. గోడలు మళ్లీ అడిగాయి. వాటి నోరు మూయించే మనిషి హైదరాబాదు నుంచి రావాలి. బయట రెండో ఆట జనం తలుపులు బాదుతున్నారు.

పాండురంగం తెరచాటు నుంచి పళ్లు నూరాడు. "ఆపవయ్యా! అడిగేది గోడలయ్యా!"

"ఎవరైతేనేం శెట్టిగారూ, ఇన్నేళ్లకి అడిగారు," అంటూ శేషాచలం రాగం ఎత్తుకున్నాడు.

పాండురంగం తల బాదుకుని తలుపులు తెరిపించాడు.

"రండి బాబూ, మీ ఆట మొదలైంది. ముందువాళ్లది ఇంకా అవలేదు, అంతే!"