ఆరు దండాలు

తిరువూరు బస్టాండు ఎదురుగా మేడ మీద ఎన్నికల సర్వే ఆఫీసు. నాయకుడి ఫేస్‌బుక్ పేజీలో జనం పెట్టే కామెంట్లను ఊళ్లవారీగా విడదీయడం హన్నా ఉద్యోగం. ఏది అనుకూలమో, ఏది వ్యతిరేకమో కంప్యూటరే తేలుస్తుంది. వ్యతిరేకత ఎక్కువున్న ఊరికి మర్నాడే నీళ్ల ట్యాంకరు వెళుతుంది.

ఆ రోజు పెనుగొలను పక్కనున్న తమ కాలనీకి తొంభై ఒక్క శాతం అనుకూలమని వచ్చింది. హన్నా నమ్మలేక, వచ్చిన పన్నెండు కామెంట్లూ తెరిచి చూసింది.

"అయ్యా, రెండు నెలలుగా బోరు పనిచేయడం లేదు. దయచూడండి." దాదాపు అన్నీ అలాంటివే. చివర దండం బొమ్మలు. ఆ దండాలనే కంప్యూటరు మద్దతు కింద లెక్కేసింది.

ఇన్‌చార్జికి చూపించింది.

"రిపోర్టు పైకి వెళ్లిపోయిందమ్మా. నాయకుడుగారు తెగ సంబరపడ్డారు. ఇప్పుడు కాదని ఎవరు చెబుతారు?" అన్నాడాయన.

హన్నా తండ్రి జోజప్పకు ఫోన్ చేసింది. "నాన్నా, ఆ దండాలు పెట్టడం మానేసి, మీరంతా గట్టిగా తిట్టండి. అప్పుడే ట్యాంకరు వస్తుంది."

"అడుక్కునేది మనం. పెద్దమనిషిని నలుగురిలో తిడతామా అమ్మా? నేనే ఇంకోసారి మర్యాదగా రాస్తాలే," అని జోజప్ప ఫోన్ పెట్టేశాడు.

పది నిమిషాలకు ఆయన కామెంటు వచ్చింది. "సార్, మాటిమాటికీ విసిగిస్తున్నందుకు క్షమించండి. మా పిల్లలు చెరువు నీళ్లు తాగి మంచాన పడ్డారు."

కింద ఆరు దండాలు.

హన్నా చూస్తుండగానే తొంభై ఒకటి తొంభై రెండైంది.